బీడీ తాగుతూ రేకుల పని చేసేవాళ్లు ఊపిరితిత్తుల్ని ఎలా కాపాడుకోవాలి

పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె వైపు ఒకప్పుడు రాతినార గనులుండేవి, అదే మనం ఆస్బెస్టాస్ అంటున్నది. మా చిన్నాయన ఆ పనికి పోయినవాడే. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పి వాకిట్లో దులిపితే తెల్లటి నూగు ఎండలో తేలేది, ఆ చొక్కా జేబులోంచే బీడీ కట్ట తీసి ఆ దుమ్ము చేత్తోనే వెలిగించేవాడు. పని మానేసిన ఇరవై ఏళ్లకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బీడీల వల్లే అనుకున్నాం, దుమ్ము సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

గనుల్లో చేసినవాళ్లే కాదు, సిమెంటు రేకులు కోసేవాళ్లు, పాత షెడ్లు విప్పేవాళ్లు, పాత బ్రేక్ లైనర్లు గాలి కొట్టి శుభ్రం చేసే మెకానిక్కులు కూడా ఇది చదవండి, వాటిలోనూ ఈ రాతినార కలిసి ఉండొచ్చు.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఊపిరి గొట్టాల లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, లోపలికొచ్చిన దుమ్మును కఫంతో కలిపి పైకి తోసెయ్యడమే వాటి పని. పొగ వాటిని చచ్చుబడేలా చేస్తుంది. అప్పుడు కంటికి కనిపించనంత సన్నటి రాతినార పోగులు బయటికి రాలేక లోతుకు దిగి అక్కడే ఉండిపోతాయి. పొగలో ఉండే క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఆ పోగులకు అంటుకుని కణాల పక్కనే తిష్ట వేస్తాయి. పొడవాటి పోగుల్ని మన రక్షణ కణాలు మింగలేవు, అందుకే అక్కడ వాపు వచ్చి, మచ్చ కట్టి, ఊపిరితిత్తి మెల్లగా గట్టిపడుతుంది. ఈ గట్టిపడడాన్నే ఆస్బెస్టోసిస్ అంటారు. ఇదంతా బయటపడటానికి 10 నుంచి 40 ఏళ్లు పట్టొచ్చు.

1979లో అమెరికాలో గొట్టాలకు, బాయిలర్లకు రాతినార చుట్టే ఇన్సులేషన్ కార్మికుల మీద వచ్చిన లెక్క చూడండి. పొగా దుమ్మూ రెండూ లేనివాళ్లతో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ప్రమాదం, దుమ్ము ఒక్కటే ఉంటే దాదాపు 5 రెట్లు, పొగ ఒక్కటే అయితే 11 రెట్లు, రెండూ ఉంటే 50 రెట్ల పైన. అయిదూ పదకొండూ కూడితే పదహారే కదా! 2013లో వచ్చిన ఇంకో అధ్యయనంలో రెండూ ఉన్నవాళ్లకు 28 రెట్లు అని తేలింది, అదీ తక్కువేం కాదు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్‌కు మాత్రం పొగతో సంబంధం లేదు, అది దుమ్ము వల్లే వస్తుంది.

పీల్చేసిన దుమ్మును ఎవరూ బయటికి తీయలేరు. బీడీని మాత్రం ఈ రోజే ఆపొచ్చు. ఆ 2013 అధ్యయనంలోనే, మానేసిన పదేళ్లలోపు క్యాన్సర్ మరణాల ప్రమాదం సగానికి పడిపోయింది. "ఇన్నేళ్లు తాగాం, ఇప్పుడు మానితే ఏం లాభం" అనేవాళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క మాటే. సిగరెట్ మాని బీడీకి మారితే మానినట్టు కాదు. తాగాలనిపించే టెన్షన్ కొద్ది నిమిషాలే బలంగా ఉంటుంది, ఆ కాసేపు నీళ్లు తాగండి, లేచి నడవండి. ఒక్కరే ఆపలేకపోతే 1800-11-2356 ఉచిత నంబరుకు ఫోన్ చేయండి, నికోటిన్ గమ్ గురించి డాక్టర్ని అడగండి.

ఇక పని దగ్గర. రేకును గ్రైండర్‌తో కోయొద్దు, దాన్ని మించి దుమ్ము లేపేది లేదు. తప్పకపోతే తడిపి, చేతి రంపంతో మెల్లగా కోయండి. మన అనంతపురం ఎండకు తడి నిమిషాల్లో ఆరిపోతుంది, మళ్లీ మళ్లీ చల్లుతూ ఉండాలి, పొద్దున్నే మొదలుపెడితే నయం. పాత రేకు విప్పేటప్పుడు బోల్టులు తీసి అట్లే దించండి, సుత్తితో పగలగొట్టొద్దు, పాత రేకు మీద కాలు పెట్టొద్దు, విరిగితే మనిషి కిందికే. మూతికి కట్టుకున్న తువ్వాలు ఈ పోగుల్ని ఆపదు, మామూలు ఎన్95 మాస్కు కూడా ఈ దుమ్ముకు చాలదు, ముఖానికి బిగుతుగా పట్టే పీ100 లేదా ఎఫ్ఎఫ్‌పీ3 రకం మాస్కు ఉండాలి. పొడి చీపురుతో ఊడ్చొద్దు. బీడీ కట్ట పని చొక్కాలో పెట్టొద్దు. ఆ చొక్కాను ఇంట్లో దులపకుండా విడిగా బకెట్లో నానబెట్టండి, ఎందుకంటే బట్టలు ఉతికిన ఇల్లాళ్లకు కూడా ఈ రాతినార జబ్బులు వచ్చిన దాఖలాలు ఉన్నాయి.

డాక్టర్ దగ్గరికి పోతే మీరే నోరు తెరిచి చేసిన పని చెప్పండి, చాలామంది అడగరు. మా చిన్నాయనకు తెమడ పరీక్షలో ఏమీ తేలకపోయినా రెండుసార్లు టీబీ మందులు వాడించారు, రెండుసార్లూ తగ్గలేదు. ఎక్స్‌రేతో పాటు ఊపిరి ఊదించే పరీక్ష, అవసరమైతే సీటీ గురించి అడగండి. కర్నూలు, కడప, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఛాతీ విభాగం ఉంటుంది. తెమడలో రక్తం పడినా, మూడు వారాలు దాటిన దగ్గున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయొద్దు.

ఒక కాగితం మీద ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎక్కడ, ఏ పని చేశారో, రోజుకు ఎన్ని బీడీలో రాసిపెట్టుకోండి. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు దాచాలని 1995లో సుప్రీంకోర్టు కంపెనీలకు చెప్పింది, మీరు పనిచేసిన కంపెనీని దాని కోసం అడగండి. గని స్లిప్పు కానీ, హాజరు కార్డు కానీ, పాత ట్రంకు పెట్టెలో ఏదైనా దొరికితే జిరాక్సు తీయించి ఆ కాగితానికి జతచేయండి.