విటమిన్ డి సాచెట్ చింపే ముందు

బెజవాడ ఎండల్లో విటమిన్ డి లోపమా అని నవ్వకండి. ఒంటికి తగలని ఎండ ఎంత కాసినా లెక్కలోకి రాదు. అలాగని సూర్యారావుపేటలో మందుల దుకాణం కనబడగానే సాచెట్లు కొనేయడమూ తగదు.

• ముందు 25-హైడ్రాక్సీ విటమిన్ డి రక్తపరీక్ష. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే సాధారణంగా లోపంగా లెక్కిస్తారు.

• 60,000 యూనిట్ల సాచెట్ మామూలుగా వారానికి ఒకటి, రోజుకొకటి కాదు. అసలు ప్రమాదమంతా ఇక్కడే. డాక్టరు చీటీలో ‘వారానికి’ అన్నచోట పెన్నుతో సున్నా చుట్టి, వారంలో ఏదో ఒక రోజు ఖాయం చేసుకుని క్యాలెండరులో రాయండి. ఎన్ని వారాలో అడగండి. 8 అంటే తొమ్మిదోది కొనకండి. డాక్టరు చెప్పకుండా పెద్దలు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు.

• ఇంట్లోని క్యాల్షియం, మల్టీవిటమిన్ డబ్బాల మీద చదవండి. చాలావాటిలో డి కూడా కలిసే ఉంటుంది.

• కిడ్నీ జబ్బు, కిడ్నీలో రాళ్లు ఉన్నా, గుండెకు డైజాక్సిన్ గానీ బీపీకి థయజైడ్ మాత్రలు గానీ వాడుతున్నా ముందే చెప్పండి.

• భోజనంతో వేసుకోండి. పప్పన్నంలో నెయ్యి ఉంటే మరీ మంచిది, ఇది కొవ్వులో కరిగే విటమిన్.

• పసిపిల్లల చుక్కల మందుకు ఆ సీసాతో వచ్చిన డ్రాపరే వాడాలి. కంపెనీ మారితే గాఢత మారవచ్చు.

• విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మలబద్ధకం, అయోమయం కనిపిస్తే మందు ఆపి వెంటనే డాక్టరును కలవండి. రక్తంలో క్యాల్షియం చూడవలసి ఉంటుంది.