మూలనపడ్డ బండి: పల్లెల్లో వెతికి, తేల్చుకుని, బయటికి తీయడం ఎలా

పాత జావాలు, ఎజ్డీలు, రాజ్‌దూత్‌లు, బుల్లెట్లు లాంటి మోటార్ సైకిళ్లు, జీపులు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. రోడ్డు మీదికి కనపడేవన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి. మిగిలినవి గడ్డివాము వెనకో, వాడని పొగాకు బ్యారన్‌లోనో, మూతపడ్డ రైస్ మిల్లు గోడౌన్‌లోనో, పిడకల గుట్ట కిందో ఉన్నాయి. వాటి జాడ పట్టడం సగం పనే. బండి మీది నంబర్లకూ, ఇంట్లో ఉన్న కాగితాలకూ పొంతన కుదురుతుందా లేదా అన్నది రెండో సగం. అది తేలేదాకా బండిని అంగుళం కూడా కదపకండి.

ఎవరిని, ఎప్పుడు అడగాలి

1960, 70లలో ఊరికి ఒకటో రెండో మోటార్ సైకిళ్లు ఉండేవి. మోతుబరి రైతు, కరణం, ఆర్‌ఎంపీ డాక్టరు, కాంట్రాక్టరు, మిల్లు యజమాని, ఆ వరసలో వెతకండి. "పాత బండ్లు ఉన్నాయా?" అని అడిగితే "లేవు" అనేస్తారు, పాత ఇనుము వ్యాపారి అనుకుంటారు కాబట్టి. "అప్పట్లో ఈ ఊళ్లో మొదట మోటార్ సైకిల్ కొన్నది ఎవరు బాబాయ్?" అని అడిగి చూడండి. అరుగు మీద ఉన్న నలుగురూ పోటీపడి చెబుతారు. ఆ తర్వాత "అది ఇప్పుడెక్కడుంది?" అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

మండల కేంద్రంలో అరవై దాటిన మెకానిక్‌ను, ఊరూరా తిరిగి ఇనుము కొనేవాళ్లను మంచి చేసుకోండి. "కోసేముందు ఒక్క ఫోన్ చెయ్యి, కిలో రేటు కంటే ఎక్కువిస్తాను" అని చెప్పి, చెప్పిన మాట నిలబెట్టుకుంటే చాలు. సంక్రాంతి ముందు ఇల్లు దులిపే రోజుల్లో మూలల్లో ఉన్నదంతా బయటపడుతుంది. కంప, తీగలు ఎండిపోయి దొడ్లలోకి చూపు ఆనేది మార్చి నుంచి మే దాకా.

తిరగని బండి మీద కూడా దసరా నాటి పసుపు, కుంకుమ బొట్లు తాజాగా ఉన్నాయంటే ఆ ఇంటివాళ్లు దాన్ని ఇంకా వదులుకోలేదు. అలాంటిచోట మొదటి రోజే ధర మాట ఎత్తకండి.

విడి భాగాలు వేరే వేషంలో ఉంటాయి

పూర్తి బండి దొరక్కపోయినా పార్టులు కళ్లముందే ఉంటాయి. టైరు బండి కింద పాత కారు, జీపు ఇరుసులు, హబ్బులు కనిపిస్తాయి. పంట కాలువ మీద అడ్డంగా పడేసిన వంతెన ఒక్కోసారి జీపు ఛాసిస్సే. బడిగంటగా వేలాడే బ్రేక్ డ్రమ్మును కొట్టి చూడండి: గంటలా ఖంగుమంటే పోత బాగుంది, బొంగురుగా పలికితే పగులుంది. కమ్మరి కొలిమి దగ్గర స్ప్రింగు పట్టీలు పోగుపడి ఉంటాయి, ఎందుకంటే కొడవళ్లకు ఆ ఉక్కే వాడతారు. ఏది అడిగినా బదులుగా పనికొచ్చే కొత్త వస్తువు ఇచ్చి తీసుకోవడం మేలు. డబ్బిస్తే రేపు ధర పెరుగుతుంది, కొత్త ఇరుసు ఇస్తే ఇద్దరికీ సుఖం.

నంబర్లు చదవడం

జావా, ఎజ్డీ, బుల్లెట్లలో ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ దగ్గర కొట్టి ఉంటుంది. ఇంజన్ నంబరు ఎడమవైపు క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది భాగపు పెట్టె) మీద ఉంటుంది. పాత బుల్లెట్లు, ఎజ్డీలలో రెండూ ఒకటే కావడం మామూలు. తేడా ఉంటే ఇంజన్ మార్చి ఉండొచ్చు, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందో లేదో చూడాలి. జీపుల్లో ఇది మరీ ఎక్కువ. పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ బిగించి, ఆర్‌సీలో పెట్రోలనే వదిలేసినవి కోకొల్లలు.

తుప్పు కింద నంబరు కనపడకపోతే వైర్ బ్రష్, గ్రైండర్, గరుకు కాగితం ముట్టుకోకండి. అంకెల అంచులు అరిగితే మళ్లీ కొట్టిన నంబరులా కనిపిస్తుంది, ఆర్టీఓ ఆఫీసులో అక్కడే ఆగిపోతుంది. కిరోసిన్‌లో ముంచిన గుడ్డ రాత్రంతా కప్పి ఉంచి, పొద్దున నైలాన్ బ్రష్‌తో రుద్దండి. ఆరాక సుద్దముక్క అడ్డంగా రాసి, టార్చిని పక్కనుంచి, దాదాపు లోహానికి ఆనించి వేస్తే అంకెలు లేస్తాయి. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి. అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నా, చుట్టూ వెల్డింగ్ జాడ ఉన్నా, ఒకచోట మాత్రమే లోహం నున్నగా ఉన్నా వదిలేసి వచ్చేయండి. ఇంజన్ తిరగకపోతే తిప్పుకోవచ్చు, నంబరు పోయిన బండిని రోడ్డెక్కించడం చాలా కష్టం.

నంబరు ప్లేటు కూడా కథ చెబుతుంది. 'ఏ'తో మొదలయ్యే మూడు ఇంగ్లిష్ అక్షరాలుంటే అది చాలావరకు 1989కి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన బండి. ఆ తర్వాతివి ఏపీ, పక్కన జిల్లా అంకె. ఏపీ-15 కరీంనగర్, ఏపీ-36 వరంగల్ కాబట్టి వాటి రికార్డు ఇప్పుడు తెలంగాణ రవాణా శాఖ దగ్గర దొరుకుతుంది.

కాగితాలు

ముందుగా కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ పోర్టల్‌లో నంబరు కొట్టి చూడండి. చాలా పాతవి కంప్యూటర్‌కు ఎక్కి ఉండవు. అప్పుడు యజమానితో కలిసి ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి పాత రిజిస్టరు తీయించాల్సిందే. బండి ఎక్కడైనా పోయినట్టు ఫిర్యాదు ఉందేమో జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి 'వాహన్ సమన్వయ్'లో చూడండి.

యజమాని బతికి ఉంటే పేరు మార్పిడికి ఫారం 29, 30. చనిపోయి ఉంటే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31, దానితో మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. బండి వేరే రాష్ట్రంలో రిజిస్టరైతే ఫారం 28 మీద అక్కడి ఎన్‌ఓసీ. పదిహేనేళ్లు దాటింది కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫారం 25, ఆపైన హరిత పన్ను. అన్నదమ్ములు నలుగురుంటే నలుగురి సంతకాలూ తీసుకోండి. బండి కొనేదాకా ఎవరికీ పట్టదు, కొన్నాక నాలుగోవాడు వస్తాడు.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాడకం బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తగా చేయించడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తిరిగి చేయించడానికి 5,000. కాకపోతే ఆ బండిని రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు కోసం మాత్రమే రోడ్డెక్కాలి. రోజూ తిరగాలనుకుంటే మామూలు రెన్యువల్ దారే పట్టండి.

పోయినవి లెక్కపెట్టండి, తుప్పు కాదు

కొత్తవాళ్లు తుప్పు చూసి భయపడతారు. రేకు తుప్పు అతుకు వేస్తే పోతుంది. పోత భాగం లేకపోతేనే నెలలు పడుతుంది. జావా, ఎజ్డీలలో గేరు రాడ్‌నే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్ అవుతుంది. ఆ షాఫ్టు పళ్లు అరిగాయా, ఇంజన్ సైడు కవర్లు రెండూ ఉన్నాయా, కార్బొరేటర్ ఉందా, డైనమో ఉందా చూడండి. క్రాంక్‌కేస్ అడుగున, చైన్ తెగి కొట్టే చోట పగుళ్లు వెతకండి. బుల్లెట్‌లో గేర్‌బాక్స్ పక్కనుండే, బండిని నేరుగా న్యూట్రల్‌లోకి తెచ్చే న్యూట్రల్ ఫైండర్ మీట, రాజ్‌దూత్‌లో హెడ్‌లైట్ గిన్నె మాయమై ఉంటాయి. లేనివి ఒక కాగితం మీద రాసి, బేరానికి ముందే విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ధరలు కనుక్కోండి.

బిగుసుకున్న ఇంజన్

కిక్ కొట్టి చూడాలన్న కోరికను చంపుకోండి. జావా, ఎజ్డీ, రాజ్‌దూత్‌లు టూ స్ట్రోక్ బండ్లు. వాటి క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఆయిల్లో మునిగి ఉండదు, పెట్రోల్లో కలిపిన ఆయిలే దానికి దిక్కు. ఏళ్ల తరబడి నిలబెట్టేస్తే లోపలికి దిగిన తేమ క్రాంక్ బేరింగుల దగ్గర చేరి తుప్పు పట్టిస్తుంది. ఆ తుప్పుతోనే బలవంతంగా తిప్పితే బేరింగు పోతుంది, పిస్టన్ రింగు సిలిండర్ గోడలోని పోర్టు (గాలి, పొగ పోయే రంధ్రం) అంచుకు తట్టుకుని విరుగుతుంది.

సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేయండి. పిస్టన్ పక్క భాగం కనపడి రంధ్రం మూసుకుని ఉంటే మంచిదే. రంధ్రం తెరిచి ఉంటే పైనుంచి పోసిన నూనె అటే కారిపోతుంది, కాబట్టి హెడ్ విప్పి పిస్టన్ అంచు చుట్టూ కొద్దికొద్దిగా పట్టించడమే దారి. రంధ్రం మూసుకుని ఉంటే ప్లగ్ తీసి అసిటోన్, ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే నూనె) సమానంగా కలిపిన 40, 50 మిల్లీలీటర్లు పోయండి. అసిటోన్ దొరక్కపోతే డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి వాడినా పని అవుతుంది, ఆలస్యంగా. వారం ఆగి, ఇంకిపోతే మళ్లీ పోయండి. తర్వాత టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపండి. చక్రంతో ఇంజన్‌ను తిప్పేటప్పుడు టాప్ గేరులోనే క్రాంక్ మీద ఎక్కువ పట్టు దొరుకుతుంది. వెంట్రుకవాసి కదిలినా ఆగి, ఇంకాస్త నూనె పోసి మర్నాడు చూడండి. పిస్టన్ మీద సుత్తి, సమ్మెట వాడినవాడు కొత్త పిస్టన్ కొంటాడు.

తుప్పు పట్టిన చిన్న ఇనుప భాగాలకు కరెంటు పద్ధతి బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ తొట్టిలో 10 లీటర్ల నీళ్లు, 50 నుంచి 100 గ్రాముల చాకలి సోడా. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ మైనస్ తీగ మీ భాగానికి, ప్లస్ తీగ పనికిరాని ఇనుప కడ్డీకి తగిలించండి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. కడ్డీగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే నీళ్లలో విషపు క్రోమియం చేరుతుంది. అల్యూమినియం భాగాన్ని ఇందులో వేస్తే కరిగిపోతుంది, కార్బొరేటర్ వేసి ఏడవకండి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే పెట్టాలి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు.

మట్టిలో ఉన్నవి

పాత మెకానిక్ షెడ్డు వెనక, నూనె తాగి నల్లబడిన నేలలో గడ్డి సరిగా మొలవదు. పార్టులు పూడ్చిన చోటు సాధారణంగా అదే. 10 ఎంఎం ఉక్కు కడ్డీ 4 అడుగులది తీసుకుని పైన అడ్డపిడి వెల్డింగ్ చేయించండి. వాన పడ్డ రెండు మూడు రోజులకు, నేల మెత్తగా ఉన్నప్పుడు, అడుగుకొక చోట నెమ్మదిగా దించుతూ పోండి. రాయి తగిలితే కడ్డీ టక్కున ఆగుతుంది, పోత తగిలితే పిడిలో సన్నని ఝుమ్మనే అదురు వస్తుంది, రేకైతే డొల్లగా పలికి కాస్త లోపలికి వంగుతుంది. ముందుగా బోరు మోటారు కేబులు, పైపులు ఎటు పోతున్నాయో రైతును అడగకుండా కడ్డీ దించొద్దు. మెటల్ డిటెక్టర్ ఉంటే మంచిదే, కానీ ఇలాంటి చోట ప్రతి మేకుకూ కూస్తుంది.

ఎర్ర చెలకలో నీళ్లు ఇంకిపోతాయి కాబట్టి ఇనుము కొంత నిలుస్తుంది. నల్లరేగడి తేమ పట్టి ఉంచుతుంది. సముద్రం దగ్గరి ఉప్పు నేలల్లో రేకు మిగలదు, అల్యూమినియం తెల్లటి పొడి కడుతుంది. బురదలో పూర్తిగా మునిగిన భాగం కంటే తడిసి ఆరి, తడిసి ఆరే గీత దగ్గర ఎక్కువ తినేస్తుంది. సగం పూడిన జీపును అందుకే నేల మట్టం దగ్గర పొడిచి చూడాలి.

పట్టా భూమి అయితే యజమాని చేత రాయించుకోండి. పోరంబోకు అయితే తహసీల్దారు, అడవైతే అటవీ శాఖ. రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపల పార పెట్టకూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం మట్టిలో దాగి దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పాత ఇంజన్‌కు ఎవరూ ఆ దాకా వెళ్లరు గానీ, దానితోపాటు బిందె బయటపడితే మాత్రం ఆ క్షణమే ఆపేయండి.

పాడుబడ్డ బావిలో బండి కనిపిస్తే మొదటి ఫోన్ పోలీసులకే. దొంగబండ్లు పడేసేది అక్కడే. విడి పార్టులైతే పాతాళగరిగెతో పైనుంచే లాగండి. గాలి ఆడని బావిలోకి మనిషి దిగకూడదు, ఒకరు పడిపోతే కాపాడబోయి రెండోవాడూ పోతాడు.

బయటికి తీయడం

ముందు పొడవాటి కర్రతో నాలుగు వైపులా తట్టి అరగంట ఆగండి. సీటు కింద, హెడ్‌లైట్ గిన్నెలో కందిరీగలు, సైలెన్సర్ పక్కన కట్లపాము, రక్తపింజర ఉండొచ్చు. మోకాలి దాకా బూట్లు, తోలు చేతి తొడుగులు వేసుకోండి. కరిస్తే నాటు మందు, మంత్రం అనకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి.

చక్రం తిరగకపోతే బ్రేకు రాడ్ నట్టు వదులు చేసి, హబ్బు చుట్టూ చెక్క సుత్తితో తట్టండి. డ్రమ్ము విప్పాక దుమ్ము ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి. మట్టిలో దిగిన జీపును ట్రాక్టర్‌తో ఒక్క ఊపున లాగితే ఇరుసు ఊడి వస్తుంది, బండి అక్కడే ఉంటుంది. జిగురు మట్టి చక్రాలను పీల్చి పట్టుకుంటుంది కాబట్టి చుట్టూ తవ్వి, చక్రాల కింద నీళ్లు పోసి, పలకలు దూర్చాకే లాగాలి. తాడు ఛాసిస్‌కు కట్టాలి, బంపరుకూ స్టీరింగుకూ కాదు. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఎవరూ నిలబడకూడదు.

ఆటో ట్రాలీలో ఎక్కించే ముందు ట్యాంకులో మిగిలిన, వార్నిష్ వాసన కొట్టే పాత పెట్రోలును క్యానులోకి వంపేసుకుని, ఆర్‌సీ జిరాక్సు, అమ్మకం కాగితం, నంబర్ల పెన్సిల్ ప్రింటు డ్రైవరు దగ్గర ఒక సెట్టు, మీ దగ్గర ఒక సెట్టు ఉంచుకోండి. రాత్రి తరలించకండి, ఊళ్లో పదిమంది చూస్తుండగా పగలే తీసుకెళ్లండి.