టీకా తర్వాత రక్తం గడ్డలు, ఇతర దుష్ప్రభావాలు: విజయవాడ, గుంటూరువాసులు కేసు నమోదు చేయించుకునే విధానం

టీకా వేయించుకున్నాక ఏ ఇబ్బంది వచ్చినా దాన్ని ప్రభుత్వ రికార్డుకు ఎక్కించే ఏర్పాటు ఉంది. ఇలా టీకా తర్వాత వచ్చే ఇబ్బందిని ఆరోగ్య శాఖ భాషలో ఏఈఎఫ్ఐ అంటారు. టీకా వల్లే వచ్చిందని మీరు రుజువు చేయనక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. తేల్చాల్సింది రాష్ట్ర, జాతీయ కమిటీలు. అయితే వాటి చేతికి సరైన కాగితాలు అందకపోతే కేసు ‘వర్గీకరించలేనిది’ అన్న ఖానాలోకి వెళ్తుంది. అందుకే దరఖాస్తు రాయడం కంటే కాగితాలు కూడబెట్టడమే పెద్ద పని.

ముందు వైద్యం

ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, కాలి పిక్క లేదా చెయ్యి వాపు, సూది వేసిన చోట కాకుండా వేరేచోట గుండుసూది మొనంత ఎర్రచుక్కలు, తగ్గని కడుపునొప్పి, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ. కోవిషీల్డ్ వేసుకున్న 20 రోజుల్లోపు వీటిలో ఏది కనిపించినా తెలియజేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మే 17న సూచించింది. తీవ్రమైన 498 కేసులను పరిశీలించిన జాతీయ కమిటీ, వాటిలో 26 రక్తం గడ్డకట్టిన కేసులు కావచ్చని అప్పుడే చెప్పింది. అంటే పది లక్షల డోసులకు 0.61. అరుదే. కానీ వచ్చినవారికి ప్రతి గంటా విలువైనదే.

టీకా తర్వాత అరుదుగా వచ్చే టీటీఎస్ అనే జబ్బులో ఒకవైపు గడ్డలు కడుతుంటే మరోవైపు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) పడిపోతాయి. పీఎఫ్4 అనే ప్రొటీన్‌కు వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలు ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టడమే ఇందుకు కారణం. మామూలు గడ్డలకు ఇచ్చే హెపారిన్‌ను ఇందులో సాధారణంగా వాడరు. కాబట్టి క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే టీకా పేరు, తేదీ చెప్పండి. ప్లేట్‌లెట్లు 1.5 లక్షల కంటే తగ్గాయా, డి-డైమర్ (గడ్డలు కరిగేటప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) ఎంతుంది, స్కాన్‌లో గడ్డ ఎక్కడుంది అన్న మూడూ రిపోర్టుల్లో ఉండాలి. ఆ యాంటీబాడీలను పట్టే పీఎఫ్4 ఎలైజా పరీక్షకు రక్తం, చికిత్సగా ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించకముందే తీయాలి. ఎక్కించాక తీస్తే ఫలితాన్ని నమ్మలేం.

కాగితాలు

కోవిడ్ టీకా అయితే కోవిన్ సర్టిఫికెట్, పిల్లల టీకా అయితే తల్లీబిడ్డల కార్డు, ప్రైవేటుగా వేయించుకుంటే బిల్లు. బ్యాచ్ నంబరు ఎక్కడుందో వెతికి పట్టుకోండి. లేకపోతే టీకా వేసిన కేంద్రం రిజిస్టరులో చూసి రాయించుకోవాలి.

ఎక్కువ కేసులు బలహీనపడేది డిశ్చార్జి సమ్మరీ దగ్గరే. అందులో టీకా మాటే ఉండదు. ఇంటికి వచ్చేముందే డాక్టరుగారిని అడిగి హిస్టరీలో టీకా పేరు, ఎన్నో డోసు, ఏ తేదీ అన్నవి రాయించండి. రోగి అడిగితే రికార్డు ప్రతులు 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఇన్‌పేషెంట్ రికార్డును ఆసుపత్రి భద్రపరచాల్సింది చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లే. ఆ గడువు దాటితే కాగితం దొరక్కపోవచ్చు.

ఎక్కడ ఇవ్వాలి

టీకా వేసిన పీహెచ్‌సీ లేదా పట్టణ ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. సచివాలయం ఏఎన్ఎమ్‌కు నోటిమాటగా చెప్పి ఊరుకుంటే సరిపోదు. ప్రైవేటులో వేయించుకున్నా, పీహెచ్‌సీ తీసుకోకపోయినా నేరుగా డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కార్యాలయంలో జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి, అంటే డీఐఓకి, ఇచ్చి ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. ఆసుపత్రిలో చేరడం, వైకల్యం, మరణం, ఒకేచోట ఎక్కువమందికి రావడం లాంటివి ‘సీరియస్’ కేసులు. వీటిని వైద్యాధికారి 24 గంటల్లో డీఐఓకి, డీఐఓ 48 గంటల్లోపు రాష్ట్రానికి, కేంద్రానికి కేస్ రిపోర్టింగ్ ఫారంలో పంపాలి.

జిల్లాల విషయంలో జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. 2021లో విజయవాడలో వేసిన టీకా అప్పటి కృష్ణా జిల్లా లెక్క, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. నరసరావుపేటలో టీకా వేయించుకుని గుంటూరు జీజీహెచ్‌లో చేరినవారు పల్నాడు, గుంటూరు రెండూ రాయాలి. టీకా రికార్డు ఒకచోట, వైద్యం రికార్డు ఇంకోచోట ఉంటాయి కదా.

రెండో దారి ఫార్మకోవిజిలెన్స్, అంటే మందులు, టీకాల దుష్ప్రభావాలను నమోదు చేసే కార్యక్రమం. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతోంది. టోల్‌ఫ్రీ 1800-180-3024, పనిదినాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 వరకు. వినియోగదారుల ఫారం తెలుగులోనూ ఉంది. సీరియస్ కేసైతే డీఐఓ దారి వదలకండి, దర్యాప్తు కదిలేది అక్కడే. దీన్ని దానికి తోడుగా పెట్టుకోండి.

వివరం ఎలా రాయాలి

‘టీకా వికటించింది’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి: ‘3వ తేదీ ఉదయం 11 గంటలకు ఎడమ భుజానికి మొదటి డోసు. 12 రాత్రి నుంచి తలనొప్పి, పారాసిటమాల్‌కు తగ్గలేదు. 14న రెండు వాంతులు, కుడిచెయ్యి పట్టు తప్పింది. అదే రోజు చేర్చాం. ప్లేట్‌లెట్లు 38 వేలు.’ బీపీ, షుగర్, గర్భనిరోధక మాత్రలు, పాత గడ్డల చరిత్ర దాచకండి. దాచినది తర్వాత బయటపడితే మిగతా కేసు మీదా నమ్మకం పోతుంది.

మరణం జరిగితే పోస్టుమార్టం కావాలని వెంటనే లిఖితపూర్వకంగా అడగండి. ఆ దుఃఖంలో చాలా కష్టమైన పని ఇది, అయినా అంత్యక్రియల తర్వాత మిగిలేది ఇంటివాళ్లను అడిగి రాసుకునే వెర్బల్ ఆటాప్సీ ఒక్కటే.

తర్వాత

దర్యాప్తు అయ్యాక రాష్ట్ర, జాతీయ కమిటీలు కేసును టీకాతో సంబంధం ఉన్నది, తేల్చలేనిది, యాదృచ్ఛికం, వర్గీకరించలేనిది (సమాచారం చాలనిది) అన్న నాలుగింటిలో ఒకదానిలో చేరుస్తాయి. ఈ నమోదు పరిహారానికి దరఖాస్తు కాదు. ఎవరైనా అలా చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక)లో ముద్ర వేసిన ప్రతి జతచేసి అర్జీ ఇవ్వండి. ఫారం ఏ తేదీన రాష్ట్రానికి వెళ్లింది, వర్గీకరణ ఏమిటి అని డీఎంహెచ్‌వో కార్యాలయాన్ని సమాచార హక్కు కింద అడగొచ్చు. జిల్లా స్థాయిలో రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.