తాతయ్య రేడియో ప్లేటుకి నకలు: 120 మి.మీ. కాస్తా 128 ఎందుకైంది

తాతయ్య వాల్వ్ రేడియోలో నాబ్‌లు బిగించే అల్యూమినియం ప్లేటు చీలిపోయింది, అలాంటిది బయట దొరకదు కాబట్టి స్కానర్ మీద పెట్టి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేసి (బొమ్మ అంచుల్ని గీతలుగా మార్చి), మా సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషీన్) మీద కోశాను. 120 మి.మీ. ఉండాల్సింది 128 వచ్చింది.

ఒక రోజంతా మెషీన్‌నే అనుమానించాను. అసలు తేడా ఫైల్లో ఉంది. ఇంక్‌స్కేప్ 0.92 వెర్షన్ నుంచి అంగుళానికి 96 పిక్సెళ్ల లెక్క, నేను టూల్‌పాత్‌కి (కట్టర్ తిరగాల్సిన దారికి) వాడే పాత సాఫ్ట్‌వేర్ మాత్రం 90 అనుకుంటోంది. 120ని 96తో గుణించి 90తో భాగిస్తే సరిగ్గా 128! ఇప్పుడు స్కాన్‌లో పక్కనే స్టీలు స్కేలు పెడుతున్నాను, కోసే ముందు దాని మీద 100 మి.మీ. కొలిచి చూస్తాను.

రంధ్రాలు ఇంకో తలనొప్పి. మెరిసే అంచు దగ్గర నీడ పడి, ట్రేస్‌లో గుండ్రటి రంధ్రం బంగాళాదుంపలా వచ్చింది, దాని చుట్టూ నలభై దాకా నోడ్లు (గీతని మలిచే బిందువులు), కట్టర్ వణుక్కుంటూ తిరిగింది. అందుకే ట్రేస్‌ని కింద ఆనవాలుగా మాత్రమే ఉంచి, వెర్నియర్‌తో కొలిచి వృత్తాలు నేనే గీశాను. రెండు రంధ్రాలూ ఒకే సైజైతే లోపలి అంచుల మధ్య దూరానికి ఒక వ్యాసం కలిపితే కేంద్రాల దూరం వచ్చేస్తుంది.

3 మి.మీ. కట్టర్ కదా, అందులో సగం లెక్కన బయటి గీతకి 1.5 బయటికి, రంధ్రాలకి 1.5 లోపలికి జరిపి, ముందు ఎండీఎఫ్ చెక్క ముక్క మీద కోసి చూశాను. నాలుగు స్క్రూలూ చేత్తోనే దిగిపోయాయి.