కడపలో కూర్చొని బ్రిటిష్ జాజ్ పుస్తకాలు కొనడం, చదవడం

ఈ పుస్తకాలు మన ఊరి అంగళ్లలో దొరకడం కష్టం. ఎక్కువగా ఇంగ్లండ్ నుంచి పాత ప్రతులే తెప్పించుకోవాలి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) కొట్టి వెతికితే 1970కి ముందువి చాలావరకు కనిపించవు, అప్పటికి ఆ నంబరే లేదు. రచయిత, ప్రచురణకర్త, ఏడాది కలిపి వెతకండి. డబ్బు కట్టే ముందు అమ్మేవాళ్లను మూడు ఫోటోలు అడగండి: ముద్రణ వివరాల పేజీ, వెన్ను, చివర్లో పేర్ల సూచిక. సూచిక లేని జాజ్ చరిత్ర తాళంచెవి లేని బీరువా.

మొదట ఇయాన్ కార్ 'మ్యూజిక్ అవుట్‌సైడ్' (1973) తీసుకోండి. ఆయన స్వయంగా ట్రంపెట్ వాద్యకారుడు, అందుకే వాయించేవాళ్ల కష్టం లోపలినుంచి తెలుస్తుంది. అయితే అది ఒక తరం కథే. వెనక్కి వెళ్లాలంటే 1919లో అమెరికా బ్యాండు లండన్ వచ్చిన ఘట్టం, 1930ల మధ్య నుంచి దాదాపు ఇరవై ఏళ్లు అమెరికన్ బ్యాండ్లపై ఉన్న ఆంక్షలు, 1959లో లండన్‌లో రానీ స్కాట్ జాజ్ క్లబ్బు తెరవడం, ఈ మూడింటినీ వివరించే పుస్తకం చూసుకోండి.

మనకు దగ్గరి దారి ఇంకోటుంది. సూచికలో శాక్సఫోన్ వాద్యకారుడు జో హ్యారియట్, కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్ పేర్లు వెతకండి. జాజ్ వాద్యాల పక్కన సితార్, తబలా పెట్టి 1960ల్లో వాళ్లు చేసిన ప్రయోగం రాగం తెలిసిన చెవికి ఇట్టే పడుతుంది. ఆ అధ్యాయం చదువుతూనే రికార్డు వినాలి, ఉత్త చదువు చప్పగా ఉంటుంది.

జిగురు బైండింగ్ పాత పేపర్‌బ్యాక్‌ను మే నెల ఎండలో కిటికీ పక్కన పెట్టారో, జిగురు ఎండి పేజీలు ఊడతాయి. పుస్తకాన్ని నూటఇరవై డిగ్రీల కోణానికి మించి తెరవకండి.