బడితోటకు ఊరు చేయదగిన సాయం

పాఠశాలల్లో కూరగాయల తోటలు పెంచడంపై కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది. తోటలో పండినవి మధ్యాహ్న భోజనంలోకి రావాలనీ, పిల్లలు సొంతంగా మొక్కలు పెంచుతూ నేర్చుకోవాలనీ వాటి ఉద్దేశం. అయితే జూన్‌లో ఉత్సాహంగా మొదలైన ఎన్నో తోటలు మే ఎండలకు మాడిపోతాయి, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు సెలవులు. కాబట్టి సాయం చేయదలచినవారు ముందుగా నీటి గురించి, సెలవుల్లో ఆ నీళ్లు పోసే మనిషి గురించి ఆలోచించాలి.

మొదట ప్రధానోపాధ్యాయులను కలిసి, విషయాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ ముందు పెట్టించండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. అంటే సాగు తెలిసినవారు అందులోనే దొరుకుతారు. డబ్బు ఇస్తే కమిటీ తీర్మానం రాయించి, రసీదు తీసుకోవడం అందరికీ మంచిది. దూరాన, విదేశాల్లో ఉన్నవారు బడులకు సాయం చేయదలచినవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే విద్యాంజలి పోర్టల్ ద్వారా తమ ఊరి బడికి కావలసినవి తెలుసుకోవచ్చు.

మొక్కలు ఇచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. కొరత ఉండేది నీళ్ల ట్యాంకుకు, పైపుకు, మేకలు దూరకుండా కంచెకు, పిల్లల చేతికి సరిపోయే చిన్న పారలకు. పళ్లేలు కడిగే నీళ్లు అరటి, చేమ మడులకు పారేలా ఒక కాలువ తీయిస్తే, తక్కువ ఖర్చులో శాశ్వతమైన మేలు జరుగుతుంది.

శ్రమదానానికి వచ్చేవారు పనంతా తామే చేసి వెళ్లిపోకూడదు. కూలీలతో తవ్వించిన మడిలో పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఉదాహరణకు తోటకూర విత్తనం చాలా సన్నం. ఇసుక కలపకుండా చల్లితే ఒకేచోట గుత్తిగా మొలిచి, ఏ మొక్కా బలం పుంజుకోదు. ఒక మడిలో ఇసుక కలిపి, పక్క మడిలో కలపకుండా పిల్లలతోనే చల్లించి, నాలుగో రోజు నుంచి మొలకలు లెక్కపెట్టించండి. నెల తిరిగేసరికి కూర కోతకు వస్తుంది. ఓపిక తక్కువగా ఉండే చిన్న తరగతులకు ఇదే సరైన పంట. బీర, సొర, దొండ పందిళ్లను పెద్ద తరగతులకు అప్పగించవచ్చు. ఏ కూర ఏ రోజుకు ఎంత కావాలో వంట చేసే మహిళలను అడిగి విత్తడం మంచిది.

పిల్లలు తిరిగే చోట పురుగుమందులు వద్దే వద్దు. పురుగుకు వేపకషాయం, ఎరువుగా జీవామృతం (ఆవుపేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపి పులియబెట్టే ద్రవం) తయారీని ఊళ్లోని ప్రకృతి వ్యవసాయ రైతులు ఒక్క పూటలో నేర్పగలరు.

ఇక సెలవుల సంగతి. ఏప్రిల్ సమావేశంలోనే వారానికి రెండు ఇళ్ల చొప్పున నీళ్ల వంతులు రాసి, గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తేల్చండి. వంతు వచ్చిన ఇంటివారు ఆ వారపు కాపు కోసుకోవచ్చని ముందే చెబితే మనుషులు తప్పకుండా వస్తారు. ఆకుకూరల మడులు ఖాళీ చేసి, మునగ, కరివేపాకు, అరటి మొదళ్లకు ఎండుగడ్డి మందంగా కప్పితే తడి తొందరగా ఆరదు. పందిరి మీద రెండు మూడు బీరకాయలను ముదరనిచ్చి, ఎండాక గింజలు తీసి బూడిదలో కలిపి దాచండి. జూన్‌లో బీర విత్తనాలు కొనే పని ఉండదు.