రేసు కారులో కెమెరా: ఊడకుండా, ఊగకుండా బిగించడం ఎలా

మా టీమ్‌లో కార్లకి కెమెరాలు బిగించే పని నాది. కొత్తగా రేసుల్లోకి వచ్చినవాళ్లు నా దగ్గరికొస్తే ఏ కెమెరా కొనాలి అనే మొదలుపెడతారు. గోప్రో అయినా, డీజేఐ అయినా, ఇన్‌స్టా360 అయినా ట్రాక్ మీద బాగానే పనిచేస్తాయి. తేడా అంతా బిగింపు దగ్గరే వస్తుంది. కెమెరా ఊడకూడదు, ఆ తర్వాత ఊగకూడదు. ఈ రెండూ కుదిరాకే నేను ఫ్రేమ్ సంగతి చూస్తాను.

ఊడటం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. యాక్షన్ కెమెరా బరువు సుమారు 150 గ్రాములు. కారు గోడని గుద్దినప్పుడు 30 జీ (అంటే మామూలు బరువుకి 30 రెట్ల) దెబ్బ తగిలిందనుకోండి, ఆ క్షణంలో అదే కెమెరా నాలుగున్నర కిలోల బరువై బిగింపుని లాగుతుంది. ఊడి డ్రైవర్‌కి తగిలితే ఒక ప్రమాదం, దొర్లుకుంటూ వెళ్లి బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంటే ఇంకా పెద్ద ప్రమాదం. బయట పెట్టింది ఊడితే వెనక వచ్చే కారు అద్దానికి తగులుతుంది. అందుకే కాళ్ల దగ్గర కెమెరా పెట్టమని ఎవరడిగినా, అక్కడ బోల్టుతో బిగించే చోటు లేకపోతే పెట్టను.

రేసు నిర్వాహకుల నిబంధనలు ముందే చదవండి. చాలాచోట్ల కారు బయట సక్షన్ కప్ (నొక్కితే అద్దానికి అతుక్కునే రబ్బరు గిన్నె) వాడనివ్వరు, హెల్మెట్‌కి కెమెరా తగిలించనివ్వరు. స్క్రూటినీకి, అంటే రేసు ముందు జరిగే భద్రతా పరీక్షకి, కారు వెళ్లేసరికే కెమెరా తన చోట బిగించి ఉండాలంటారు. పరీక్ష అయిపోయాక గ్రిడ్ (రేసు మొదలయ్యే ముందు కార్లు వరుసగా నిలబడే చోటు) మీద తగిలిద్దాంలే అనుకుంటే కుదరదు.

ఒక్క కెమెరానే ఉంటే ఎక్కడ పెట్టాలి? నా జవాబు ఎప్పుడూ ఒకటే. డ్రైవర్ వెనక, రెండు సీట్ల మధ్య, భుజాల కంటే కొంచెం ఎత్తులో. అక్కడి నుంచి రెండు చేతులు, స్టీరింగ్, మీటర్లు, ముందు రోడ్డు అన్నీ ఒకే ఫ్రేమ్‌లోకి వస్తాయి. బంపర్ మీద పెట్టిన కెమెరా వేగాన్ని బాగా చూపిస్తుంది కానీ డ్రైవర్ ఏం చేస్తున్నాడో చెప్పదు. చూసేవాళ్లకి ఆ చేతులే కావాలి. 1979లో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ రేసులో అక్కడి టీవీ వాళ్లు పీటర్ విలియమ్సన్ అనే డ్రైవర్ నడిపిన టొయోటా సెలికా కారులో కెమెరా పెట్టి, రేసు నడుస్తుండగానే అతనితో మాట్లాడించారు. ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడు డ్రైవర్ పక్కనే కూర్చున్నంత దగ్గరయ్యాడు. ఇప్పటికీ నేను వెతికేది ఆ దగ్గరితనమే.

కారులో రోల్ కేజ్ (కారు బోల్తా పడినా డ్రైవర్‌ని కాపాడే లోహపు పైపుల చట్రం) ఉంటే పని సులువు. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల ప్రకారం వేసిన కేజ్‌లో డ్రైవర్ వెనక ఉండే ప్రధాన పైపు 45 లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది, మిగతావి సాధారణంగా 38 లేదా 40. సైకిల్ హ్యాండిల్ కోసం చేసిన క్లాంప్ వీటికి చాలదు. మీ పైపు కొలిచి, దానికి సరిపోయే లోహపు క్లాంప్ తీసుకోండి. పైపుకి, క్లాంప్‌కి మధ్య పలచటి రబ్బరు ముక్క వేస్తే జారదు, పెయింట్ కూడా పోదు. రబ్బరు మందంగా ఉంటే మాత్రం అదే స్ప్రింగులా పనిచేసి కెమెరాని ఊపుతుంది. క్లాంప్‌కి రెండు స్క్రూలుంటే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లొద్దు. ఇదొక చుట్టు, అదొక చుట్టు తిప్పుతూ వస్తే రెండు వైపులా సందు సమానంగా మూసుకుంటుంది. తర్వాత డ్రైవర్‌ని హెల్మెట్‌తో సహా బెల్టులు కట్టి కూర్చోబెట్టండి. తల వెనక్కి, పక్కకి ఎంత దూరం పోతుందో చూడండి. ఆ పరిధిలో కెమెరా గానీ, దాన్ని పట్టుకునే మౌంట్ చెయ్యి గానీ ఉండకూడదు. అతను దిగే దారికి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌కి, కరెంటు ఆపేసే కటాఫ్ స్విచ్‌కి కూడా అడ్డం రాకూడదు.

కేజ్ లేకపోతే పక్క సీటు హెడ్‌రెస్ట్ రెండు కడ్డీలకీ కలిపి బిగించే మౌంట్ వాడండి. డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట ఏదీ అంటించొద్దు.

బయట పెట్టాలనుకుంటే గాలిని లెక్కలోకి తీసుకోవాలి. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో కెమెరా ముఖం మీద గాలి నెట్టేది 200 గ్రాముల బరువంత కూడా ఉండదు. వేగం రెట్టింపైతే ఆ నెట్టుడు నాలుగు రెట్లవుతుంది, అంటే 200 వేగంలో సుమారు 700 గ్రాములు. కెమెరాని పొడవాటి చెయ్యి చివర పెడితే ఆ బలమంతా చెయ్యి మొదట్లో, బాడీకి అంటించిన జిగురు మీద పడుతుంది. కాబట్టి బయటి కెమెరా బాడీకి ఎంత అతుక్కుని ఉంటే అంత మంచిది.

సక్షన్ కప్‌ని నేను అద్దం లోపలి వైపు మాత్రమే వాడతాను. ఎండకి అద్దం వేడెక్కితే పట్టు సడలుతుంది, అందుకే ప్రతి సెషన్ ముందూ తీసి, తుడిచి, మళ్ళీ నొక్కి పెడతాను. బయటైతే జిగురు ప్యాడ్. అది అంటించడానికి ఓపిక కావాలి. ముందు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, తర్వాత కొత్త గుడ్డ మీద ఐసోప్రొపైల్ స్పిరిట్ వేసి తుడవండి. గుడ్డకి మైనం మెరుపు అంటుకుంటూ ఉంటే గుడ్డ మార్చి మళ్ళీ తుడవాలి. తుడిచిన చోట వేలు పెట్టకండి, వేలి జిడ్డు చాలు పట్టు తగ్గడానికి. వంపు ఉన్న రేకుకి వంపు ప్యాడ్, చదునుగా ఉన్నదానికి చదును ప్యాడ్. ఒక అంచు నుంచి మొదలుపెట్టి గాలి బుడగ చిక్కకుండా ఆనించి, అర నిమిషం గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆ తర్వాత కనీసం 24 గంటలు దాన్ని కదపొద్దు. ఈ ప్యాడ్లకి వాడే వీహెచ్‌బీ రకం (గట్టి రెండు వైపుల టేపు) జిగురు పూర్తి పట్టుకి 72 గంటల వరకు పడుతుంది. రేసు రోజు పొద్దున్నే ప్యాడ్ అంటించేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. వినైల్ స్టిక్కర్ల మీద అసలు అంటించొద్దు, ప్యాడ్ గట్టిగానే ఉంటుంది కానీ స్టిక్కరే లేచిపోతుంది. తీసేటప్పుడు పీకకుండా హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, నైలాన్ దారాన్ని కిందనుంచి రంపంలా ఆడిస్తూ కోయండి.

మౌంట్ ఎంత గట్టిదైనా రెండో కట్టు తప్పనిసరి. సన్నటి స్టీల్ తీగని కెమెరా ఫ్రేమ్‌కి కట్టి, రెండో కొసని మౌంట్‌తో సంబంధం లేని చోట కట్టాలి. కేజ్ పైపు గానీ, కారుని లాగడానికి ఉండే టో హుక్ గానీ సరిపోతుంది. చాలామంది తీగని అదే జిగురు ప్యాడ్‌కి తగిలిస్తారు. ప్యాడ్ ఊడితే రెండూ కలిసే పోతాయి. తీగ పొట్టిగా ఉండాలి. పొడవుగా వదిలేస్తే ఊడిన కెమెరా వేలాడుతూ బాడీని బాదుతుంది, లేదా చక్రం కిందకి పోతుంది.

ఇక ఊగడం. వీడియోలో కారు జెల్లీలా అలలు అలలుగా కదులుతోందంటే అది వైబ్రేషన్. సెన్సర్ బొమ్మని ఒక్కసారిగా కాకుండా వరుసల వారీగా చదువుతుంది, ఆ మధ్యలో కెమెరా వణికితే గీతలు వంకర్లు పోతాయి. దీనికి మందు తక్కువ కీళ్లు, పొట్టి చెయ్యి. మూడు కీళ్లు పెట్టి కోణం కుదుర్చుకునే బదులు, ఒక్క కీలుతో కుదిరే చోటు వెతకండి. ఇంజిన్ ఆన్ చేసి, పిట్‌లోనే (ట్రాక్ పక్కన కార్లకి పని చేసే చోట) రేజ్ చేస్తూ అర నిమిషం రికార్డ్ చేసి, పెద్ద స్క్రీన్ మీద చూడండి. ఫోన్‌లో కనబడని వణుకు అక్కడ కనబడుతుంది.

సెట్టింగుల్లో ఒక్కటి మాత్రం చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. లోపలి కెమెరాకి స్టెబిలైజేషన్ (కుదుపుల్ని సరిచేసే సెట్టింగ్) ఆపేయండి. అది బయటి ప్రపంచాన్ని కదలకుండా నిలబెట్టాలని చూస్తుంది, దాంతో కారు మలుపు తిరిగినప్పుడల్లా స్టీరింగ్, డాష్‌బోర్డు ఫ్రేమ్‌లో అటూ ఇటూ ఈదుతాయి. ఆపేస్తే కారు లోపల స్థిరంగా ఉండి, రోడ్డు మాత్రమే కదులుతుంది. ఎక్స్‌పోజర్‌ని (వీడియో వెలుతురుని) ఆటోకి వదిలేస్తే చీకటి క్యాబిన్ చూసి రోడ్డుని తెల్లగా కాల్చేస్తుంది, అందుకని మైనస్ 0.5 నుంచి మైనస్ 1 దాకా తగ్గిస్తాను. సెకనుకి 60 ఫ్రేములు చాలు.

శబ్దం కోసం, మీ కెమెరా ఒప్పుకుంటే, బయటి మైక్ ఒకటి డిక్కీలో పెట్టండి. స్పాంజి తొడుగు మీద బొచ్చు తొడుగు వేసి, గాలి దూసుకురాని మూలలో సైలెన్సర్ వైపు తిప్పి టేపు వేయండి. గేర్ మారిన ప్రతిసారీ ఇంజిన్ గొంతు ఎలా మారిందో వినబడితే, చూసేవాళ్లకి స్పీడ్ మీటర్ కూడా అక్కర్లేదు.

మెమరీ కార్డు వీ30 రకం (సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాయగలిగేది) తీసుకోండి. సెకనుకి 100 మెగాబిట్ల నాణ్యతలో గంటకి 45 జీబీ పోతుంది, 60 మెగాబిట్లయితే 27 జీబీ. రేసు పొడవు చూసి లెక్క వేసుకోండి. వేడి ఇంకో శత్రువు. గ్రిడ్ మీద ఎండలో నిలబడినప్పుడు కెమెరా వేడెక్కి తనే ఆగిపోవచ్చు. అందుకే స్క్రీన్ ఆఫ్ చేసి, ఫార్మేషన్ ల్యాప్‌కి (రేసు మొదలయ్యే ముందు కార్లన్నీ వేసే ఒక చుట్టుకి) కాస్త ముందు వరకు రికార్డింగ్ మొదలుపెట్టను. గ్రిడ్ వదిలే ముందు బటన్ నొక్కే పని డ్రైవర్‌కి అప్పగించొద్దు, అతని బుర్రలో అప్పటికే చాలా ఉంటాయి.

బిగించడం అయ్యాక స్క్రూ తల మీద నుంచి దాని పక్క భాగం మీదకి పెయింట్ పెన్నుతో ఒక సన్న గీత గీయండి. కారు పిట్‌లోకి వచ్చినప్పుడు పానా తీయకుండానే తెలిసిపోతుంది. గీత రెండు ముక్కలుగా పక్కకి జరిగి ఉంటే స్క్రూ కదిలినట్టు. అప్పుడు పైపైన బిగించి పంపొద్దు. పూర్తిగా విప్పి, స్క్రూ పళ్ల మధ్య ఇసుక ఉందేమో, రబ్బరు నలిగిందేమో చూసి, మళ్ళీ మొదటి నుంచి బిగించి కొత్త గీత గీయాలి. దానికి టైమ్ లేకపోతే కెమెరా తీసేసి కారుని పంపించండి.